టికెట్ మీద 6.30, బొమ్మ పడింది 6.58కి: కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది కర్నూలు. గత నెల పని మీద హైదరాబాద్ వచ్చి, ఒక మల్టీప్లెక్స్‌లో సాయంత్రం 6.30 షోకి యాప్‌లో నాలుగు టికెట్లు తీసుకున్నాం. సినిమా నిడివి 2 గంటల 25 నిమిషాలని యాప్‌లో ఉంది. ఇంటర్వెల్ పావుగంట కలుపుకున్నా 9.10కి బయటపడతామని లెక్క వేసుకుని ఎంజీబీఎస్ నుంచి రాత్రి 10 గంటల బస్సుకు రిజర్వేషన్ చేయించాం. తీరా యాడ్లూ ట్రైలర్లూ అయి బొమ్మ పడేసరికి 6.58 అయింది. వదిలేసరికి 9.40. బస్సు అందలేదు, ఆ రాత్రికి లాడ్జిలో ఉండాల్సి వచ్చింది. మేనేజరును అడిగితే ‘అవి ప్రభుత్వం వేయమన్నవే’ అన్నారు. బెంగళూరులో ఇలాంటి కేసులో లక్ష రూపాయలు వేశారట. నేనూ కేసు వేయవచ్చా? యాడ్లు వస్తుండగా మా తమ్ముడు ఫోన్‌లో వీడియో తీశాడు, అది పనికొస్తుందా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: కేసు వేయవచ్చు. అయితే బెంగళూరు కేసు గురించి మీరు విన్నది సగమే. మిగతా సగం తెలియకుండా ఫిర్యాదు రాస్తే గట్టి కేసు కూడా పాడవుతుంది.

2023 డిసెంబరులో అక్కడి ప్రేక్షకుడు ఒకరు 4.05 షోకి వెళ్తే సినిమా 4.30కి మొదలైంది. జిల్లా వినియోగదారుల కమిషన్ 2025 ఫిబ్రవరిలో ఆయనకు పరిహారం, ఖర్చులు ఇప్పించింది. మీరు విన్న లక్ష ఆయనకు రాలేదు. అది వినియోగదారుల సంక్షేమ నిధికి కట్టమన్న మొత్తం. అంతటితో ఆగకుండా, ఇకపై టికెట్ మీద సినిమా అసలు ఎప్పుడు మొదలవుతుందో వేయాలని కూడా ఆదేశించింది. థియేటర్ల వాళ్లు హైకోర్టుకు వెళ్లారు. ఒక మనిషి ఫిర్యాదును కమిషన్ ప్రజాప్రయోజన వ్యాజ్యంలా విచారించిందంటూ కర్ణాటక హైకోర్టు 2025 మార్చిలో ఆ ఉత్తర్వు మీద స్టే ఇచ్చింది. కాబట్టి మీరు అడగాల్సింది మీ నష్టం గురించే. దేశంలోని థియేటర్లన్నీ మారాలని అదే ఫిర్యాదులో కోరితే ప్రతివాదికి మీరే దారి చూపినట్టవుతుంది.

హైదరాబాద్‌లోనూ ఇలాంటి కేసు ఉంది. 2019లో కాచిగూడలోని ఒక మల్టీప్లెక్స్‌లో పావుగంట ఆలస్యంగా సినిమా వేసినందుకు జిల్లా కమిషన్ 2021లో ప్రేక్షకుడి పక్షాన నిలిచింది. ఆయనకు వచ్చిన పరిహారం వేలల్లోనే. ఒక జిల్లా కమిషన్ తీర్పును మరో జిల్లా కమిషన్ పాటించి తీరాలనేం లేదు గానీ, ఉదహరించడానికి పనికొస్తుంది.

ఇక మేనేజరు మాట. తెర మీద పొగాకు వాడకం కనిపించే సినిమాకు మొదట్లో 30 సెకన్ల ఆరోగ్య ప్రకటన, 20 సెకన్ల హెచ్చరిక వేయాలని పొగాకు నియంత్రణ నియమాలు చెప్తున్నాయి. ఇంటర్వెల్ తర్వాత మళ్లీ అంతే. జాతీయగీతం 52 సెకన్లు, అది కూడా సుప్రీంకోర్టు 2018 జనవరి ఉత్తర్వు తర్వాత థియేటర్ ఇష్టం. డాక్యుమెంటరీలు, విద్యా విషయక చిత్రాలు వేయమని ప్రభుత్వం ఆదేశించడానికి వీలిచ్చే సినిమాటోగ్రాఫ్ చట్టం సెక్షన్ 12(4) కేంద్రపాలిత ప్రాంతాలకే వర్తిస్తుంది, తెలంగాణకు కాదు. మేనేజరు ప్రభుత్వ ఆదేశం ఉందంటే ఏ చట్టం కింద, ఏ ఆదేశం, ఎన్ని నిమిషాల చిత్రం అని లిఖితపూర్వకంగా అడగండి. చీరల దుకాణం, రియల్ ఎస్టేట్ వెంచరు, రాబోయే సినిమాల ట్రైలర్లు వేయమని ఏ చట్టమూ చెప్పలేదు. వాటికి సెన్సార్ సర్టిఫికెట్ ఉండాలి, అంతవరకే. మీరు చూసిన 28 నిమిషాల్లో చట్టం కోసం వేసినవి ఎన్ని, డబ్బు కోసం వేసినవి ఎన్ని అని విడదీసి ఒక పట్టిక రాయండి. కేసు అంతా ఆ పట్టిక మీదే నడుస్తుంది.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో ‘సేవ’ అనే నిర్వచనంలోనే, అంటే సెక్షన్ 2(42)లో, వినోదం కూడా ఉంది. సెక్షన్ 2(11) ప్రకారం, వినియోగదారుకు తెలియాల్సిన సమాచారాన్ని కావాలని దాచిపెట్టడం సేవాలోపమే. ఏ షోకి ఎన్ని నిమిషాల యాడ్లు అమ్ముడయ్యాయో థియేటరుకు ముందే తెలుసు. అది చెప్పకుండా 6.30 అని టికెట్ అమ్మడం ఈ నిర్వచనంలోకి వస్తుందన్నది మీ ప్రధాన వాదన. యాడ్లు వేయడం తప్పని వాదించకండి. వేస్తున్నట్టు చెప్పకపోవడం తప్పని వాదించండి. ఈ రెంటికీ చాలా దూరం ఉంది.

మీ కేసులో బలహీనత ఎక్కడుండవచ్చో కూడా ముందే చూసుకోండి. యాప్‌లోని షరతుల్లో ‘టికెట్‌పై సమయం ప్రదర్శన మొదలయ్యే సమయం, సినిమా 15–20 నిమిషాల తర్వాత మొదలవుతుంది’ అని ఉంటే వాదన పలచబడుతుంది. ఆ పేజీని ఇవాళే స్క్రీన్‌షాట్ తీసుకోండి, రేపు మారిపోవచ్చు. అలాంటి మాట ఉన్నా, 28 నిమిషాలు అంతకు మించినవే కదా అనవచ్చు. రెండోది బస్సు. లెక్క ప్రకారం మీకు 50 నిమిషాల వ్యవధి ఉంది, అది సహేతుకమే. కానీ బస్సు టికెట్, లాడ్జి రసీదు, మర్నాడు ప్రయాణించిన టికెట్ మూడూ ఉంటేనే ఆ నష్టం రుజువవుతుంది. రసీదు లేని ఖర్చు రాయకండి. ఒక్కటి రుజువు కాకపోతే మిగతావాటి మీద కూడా అనుమానం వస్తుంది.

వీడియో విషయంలో జాగ్రత్తగా ఉండండి. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టానికి చేర్చిన సెక్షన్ 6ఏఏ ప్రకారం, పైరసీ ఉద్దేశంతో థియేటర్లో రికార్డు చేస్తే 3 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, కనీసం 3 లక్షల జరిమానా. యాడ్లు మాత్రమే తీస్తే ఆ ఉద్దేశం ఉందనడం కష్టం. అయినా మీ తమ్ముడి వీడియోలో సెన్సార్ సర్టిఫికెట్ పడ్డాక ఒక్క సీను ఉన్నా మీరు ఇరుకున పడే ప్రమాదముంది. ఆ ఫైలును ఎడిట్ చేయకండి, ఎవరికీ పంపకండి, సోషల్ మీడియాలో అసలే పెట్టకండి. ఫోనుతో సహా భద్రపరచి, కమిషన్‌లో దాఖలు చేసే ముందు ఒక న్యాయవాదికి చూపించండి. దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద, వీడియో ఏ ఫోనులోదో ధ్రువీకరించే సర్టిఫికెట్ జతచేస్తే అభ్యంతరాలు తగ్గుతాయి.

నిజానికి వీడియో కంటే గట్టి సాక్ష్యం థియేటర్ దగ్గరే ఉంది. డిజిటల్ ప్రొజెక్షన్ సర్వర్‌లో ఏ క్లిప్ ఎన్ని గంటల ఎన్ని సెకన్లకు మొదలైందో లాగ్ నమోదవుతుంది. యాడ్ వేసినట్టు ప్రకటనకర్తలకు చూపడానికి పనికొచ్చే రికార్డు ఇదే కనుక, మా దగ్గర లేదని చెప్తే నమ్మశక్యంగా ఉండదు. మీ తేదీ, స్క్రీన్ నంబరు, షో సమయం వేసి, ఆ లాగ్‌నూ సీసీటీవీ ఫుటేజీనీ చెరపకుండా ఉంచమని వెంటనే థియేటర్‌కు రాయండి. ఫుటేజీ ఎక్కువ కాలం ఉంచరు కాబట్టి ఆలస్యం చేస్తే పోతుంది. తర్వాత కమిషన్‌లో వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38(9) కింద లాగ్ తెప్పించమని దరఖాస్తు పెట్టవచ్చు.

ఆ ఉత్తరమే మీ నోటీసు కూడా అవుతుంది. టికెట్ల ధర, బస్సు, లాడ్జి ఖర్చులు, పరిహారంగా ఎంత కోరుతున్నారో రాసి 15 రోజుల గడువు ఇవ్వండి. స్పీడ్ పోస్టులో పంపి, చేరినట్టు ట్రాకింగ్ కాగితం ప్రింటు తీసుకోండి. ఈ నోటీసు చట్టం తప్పనిసరి చేసింది కాదు, కానీ మీరు అవకాశం ఇచ్చారని చూపుతుంది. ఈలోగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫిర్యాదు నమోదు చేయండి. కొన్ని వ్యవహారాలు అక్కడే తేలిపోతాయి.

జవాబు రాకపోతే కేసు కోసం హైదరాబాద్ రానక్కర్లేదు. అదే చట్టం సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే చోటే, అంటే కర్నూలు జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఫిర్యాదు, అఫిడవిట్, టికెట్లు, రసీదులు, నోటీసు అప్‌లోడ్ చేయాలి. మీరు చెల్లించిన ధర 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. న్యాయవాది లేకుండా మీరే వాదించుకోవచ్చు, వీడియో కాన్ఫరెన్స్ విచారణ కోరవచ్చు. ఘటన జరిగిన నాటి నుంచి 2 ఏళ్లలోపు వేయాలి. థియేటర్ తన జవాబును 30 రోజుల్లో, పొడిగిస్తే మరో 15 రోజుల్లో ఇవ్వాలి. 45 రోజులు దాటితే తీసుకోవడానికి వీల్లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో తేల్చింది. ఆ తేదీ మీరే గుర్తుపెట్టుకుని అడగండి. టికెట్ యాప్‌ను అనవసరంగా ప్రతివాదిగా చేర్చవద్దు. బెంగళూరులో యాప్‌ను బాధ్యత నుంచి తప్పించారు. నిడివో సమయమో యాప్ తప్పుగా చూపిస్తేనే చేర్చండి.

పరిహారం అడిగేటప్పుడు చేయి అదుపులో పెట్టుకోండి. అరగంటకు 5 లక్షలు అడిగిన ఫిర్యాదును సీరియస్‌గా తీసుకోవడం ఎవరికైనా కష్టం. ఖర్చులు అక్షరాలా రాసి, దానిపై ఇబ్బందికి 10 వేలు, కోర్టు ఖర్చులకు కొంత కోరడం సబబు.

మీ కోపం మీ నాలుగు టికెట్ల దగ్గరే ఆగదని నాకు అర్థమైంది. రోజూ ఎంతోమంది ప్రేక్షకుల నుంచి అరగంట చొప్పున అడగకుండా తీసుకుంటున్నారు, అది నిజంగా అన్యాయమే. దానికి వేరే దారి ఉంది. వినియోగదారుల రక్షణ చట్టంలోని సెక్షన్ 17 కింద, వినియోగదారులందరికీ నష్టం చేసే వ్యాపార విధానం మీద జిల్లా కలెక్టరుకు గానీ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు గానీ ఫిర్యాదు పంపవచ్చు. థియేటర్ లైసెన్సు ఇచ్చే అధికారికి కూడా ఒక ప్రతి పంపండి, హైదరాబాద్‌లో అది పోలీస్ కమిషనర్. టికెట్ మీద అసలు సమయం వేయించమన్న కోరిక ఈ అర్జీలో రాయండి.

నోటీసు అందాక థియేటర్ వాళ్లు ఫోన్ చేసి రెండు ఫ్రీ పాసులు ఇస్తామనవచ్చు. తీసుకోవాలనిపిస్తే తీసుకోండి, కానీ ‘పూర్తి పరిష్కారం అయింది’ అన్న కాగితం మీద సంతకం పెడితే ఇక కేసు లేనట్టే. రాజీకి ఒప్పుకుంటే డబ్బు ఎంతో, ఎప్పటికి ఇస్తారో ముందు మెయిల్‌లో రాయించుకుని, అది ఖాతాలో పడ్డాకే సంతకం చేయండి.