కెపాసిటర్‌లో సగం శక్తే ఎందుకు నిలుస్తుంది?

బ్యాటరీ 144 మిల్లీజౌళ్లు ఇచ్చినా, 12 వోల్టులకు ఛార్జ్ అయిన మీ 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్‌లో 72 మాత్రమే ఉన్నట్టు తేలుతోందని, మిగతా సగం ఏమైందని అడిగారు. మీ లెక్క సరైనదే. బ్యాటరీ 12 మిల్లీకూలుంబుల ఆవేశాన్ని మొదటి నుంచి చివరి వరకు 12 వోల్టుల వద్దే నెడుతుంది. కానీ కెపాసిటర్‌లో ఆవేశం చేరే రెండు పలకల మధ్య వోల్టేజి సున్నాతో మొదలై, ఆవేశం చేరేకొద్దీ పెరుగుతుంది కాబట్టి, దానికి సగటున 6 వోల్టులే ఎదురవుతాయి. పలకల నడుమ విద్యుత్ క్షేత్రంలో నిల్వ అయ్యేది ఆ మేరకు జరిగిన పని మాత్రమే. మిగిలిన 72 మిల్లీజౌళ్లు సర్క్యూట్‌లో కరెంటును నిరోధించే రెసిస్టర్‌లోనూ తీగల్లోనూ వేడిగా పోతాయి. విచిత్రమేమిటంటే, రెసిస్టర్ విలువ తగ్గించినా ఈ నష్టం తగ్గదు. కరెంటు పెరిగి ఛార్జింగ్ త్వరగా ముగుస్తుంది, అంతే. నష్టం తగ్గాలంటే, ఆర్‌సీ కాలస్థిరాంకంతో (రెసిస్టర్, కెపాసిటర్ విలువల లబ్ధం; ఛార్జింగ్ ఎంత త్వరగా జరుగుతుందో చెప్పే సమయం) పోలిస్తే బాగా నెమ్మదిగా, సరఫరా వోల్టేజినే సున్నా నుంచి పెంచుకుంటూ పోవాలి.