అమ్మను చేర్పించడానికి అప్పు చేయకండి

ప్రశ్న: మా అమ్మకు 79 ఏళ్లు. రెండుసార్లు పడిపోయాక సంరక్షణ కేంద్రంలో చేరడానికి ఒప్పుకుంది. అడ్వాన్సుకు వ్యక్తిగత రుణం తీసుకుని, ఆమె ఇల్లు అమ్ముడయ్యేదాకా నెలనెలా క్రెడిట్ కార్డుతో కడదామనుకుంటున్నాను. ఆమె ఫిక్స్‌డ్ డిపాజిట్‌కు ఇంకా 10 నెలల గడువుంది, దాన్ని కదిలించాలని లేదు. ఇది సరైన పద్ధతేనా?

జవాబు: కాదు. ఇదే పొరపాటు చాలా కుటుంబాలు చేస్తున్నాయి కాబట్టి సూటిగా చెబుతున్నాను. ఇల్లు ఎప్పుడు అమ్ముడవుతుందో ఎవరూ చెప్పలేరు. కార్డు బాకీ మీద నెలకు 3 శాతం వడ్డీ పడితే ఏడాదికి అయ్యేది 36 శాతం కాదు, వడ్డీకి వడ్డీ చేరి 42 శాతం దాటుతుంది. ఆ భారం మోయలేక చివరికి ఇంటిని వచ్చిన ధరకు వదులుకుంటారు. డిపాజిట్‌ను ముందే తీస్తే పోయేది కొంత వడ్డీ మాత్రమే. దాన్ని కాపాడుకోవడానికి ఇంత అప్పా?

డిపాజిట్ తీయండి. అడ్వాన్సు పోగా, కనీసం 12 నెలల ఖర్చు ఆమె పేరిట విడిగా ఉండాలి. మీ ఇంటి అత్యవసర నిధిని ఇందులో కలపవద్దు. అంత మిగలకపోతే చిన్న గది చూడండి. 6 నెలల సొమ్ము చాలదా అని చాలామంది అడుగుతారు. చాలదు. చెప్పిన రుసుముకు మందులు, డైపర్లు, పరీక్షలు తోడవుతాయి. నడవలేని స్థితి వస్తే సంరక్షణ స్థాయి మారి రుసుము పెరుగుతుంది. ఆమె ఆసుపత్రిలో ఉన్న రోజులకూ గది అద్దె కట్టాలా, ఖాళీ చేస్తే అడ్వాన్సు ఎంత, ఎన్నాళ్లకు తిరిగిస్తారు అన్నవి ఒప్పందంలో చదవకుండా సంతకం చేయకండి. ఏటా 7 శాతం పెరిగే రుసుము పదేళ్లలో దాదాపు రెట్టింపవుతుంది. డబ్బు చాలక మధ్యలో కేంద్రం మార్చాల్సి వస్తే, అప్పుడప్పుడే ఆ గదికి, ఆ మనుషులకు అలవాటుపడిన అమ్మ మళ్లీ మొదటి నుంచి కుదురుకోవాలి. నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే.

ఆరోగ్య బీమా ఉంటే గడువు తప్పనివ్వకండి. ఇంటిని అద్దెకివ్వడం గురించీ ఆలోచించవచ్చు. జ్ఞాపకశక్తి బాగున్నప్పుడే ఆమె ఖాతా నడిపే అధికారాన్ని రాతపూర్వకంగా తీసుకోండి.

ఈ లెక్కలన్నీ ఆమెను పక్కన కూర్చోబెట్టుకునే వేయండి, డబ్బు ఆమెది. వీలైతే ముందు రెండు వారాలు ఉండి చూడమనండి. అక్కడ నచ్చిందని ఆమె తన నోటితో చెప్పేదాకా ఇంటిని అమ్మకానికి పెట్టవద్దు.