కెర్నల్ తీసేటప్పుడు ఇనిట్రామ్‌ఎఫ్ఎస్ స్క్రిప్టును ఆపేయొచ్చా?

డెబియన్ లినక్స్‌లో పాత కెర్నల్ ప్యాకేజీలు తీసేస్తుంటే ప్రతిదానికీ ఇనిట్రామ్‌ఎఫ్ఎస్ (బూట్ మొదట్లో రూట్ ఫైల్‌సిస్టమ్‌ను మౌంట్ చేయడానికి కెర్నల్ వాడుకునే చిన్న ఇమేజ్), గ్రబ్ (బూట్ మెనూ చూపే ప్రోగ్రామ్) స్క్రిప్టులు నడిచి టైమ్ తింటున్నాయి, వాటిని ఆపేయొచ్చా అని అడిగారు. వద్దండీ. ప్యాకేజీ తీసేటప్పుడు ఇనిట్రామ్‌ఎఫ్ఎస్ హుక్ (కెర్నల్ పెట్టినా తీసినా దానంతటదే నడిచే స్క్రిప్టు) కొత్త ఇమేజ్ కట్టదు, ఆ వెర్షన్ ఇమేజ్‌ను చెరిపేస్తుంది, అంతే. క్షణాల పని. టైమ్ తినేది గ్రబ్ మెనూను మళ్లీ రాసే అప్‌డేట్-గ్రబ్. ఓఎస్-ప్రోబర్ (వేరే ఓఎస్‌లను వెతికే ప్రోగ్రామ్) ఆన్‌లో ఉంటే కెర్నల్ కెర్నల్‌కీ డిస్కులన్నీ గాలిస్తుంది. మీ మెషీన్‌లో రెండో ఓఎస్ లేకపోతే ఓఎస్-ప్రోబర్‌ను ఆపుకోండి.

తెలిసినవాళ్ల సర్వర్ ఒకటి రీబూట్ తర్వాత లేవట్లేదని నన్ను పిలిచారు. స్క్రీన్ మీద కెర్నల్ పానిక్, రూట్ ఫైల్‌సిస్టమ్ మౌంట్ కావట్లేదని. జరిగిందేమిటంటే, /బూట్ (కెర్నల్స్, వాటి ఇమేజ్‌లు ఉండే చోటు) నిండిపోయింది. కొత్త కెర్నల్‌కి ఇమేజ్ రాయడానికి చోటు లేక డీపీకేజీ (ప్యాకేజీలు పెట్టే, తీసే ప్రోగ్రామ్) మధ్యలో ఆగింది. నిజానికి అక్కడిదాకా ప్రమాదమేమీ లేదు. కెర్నల్ హుక్స్ పేర్ల వరుసలో నడుస్తాయి. గ్రబ్ హుక్ పేరు ముందు జెడ్‌జెడ్ పెట్టింది అది ఆఖర్న రావాలనే. ఇమేజ్ ఫెయిలైతే గ్రబ్ దాకా రాదు, పాత మెనూ అలాగే ఉంటుంది. అడ్మిన్‌గారు మాత్రం నెట్‌లో ఎవరో చెప్పారని చేత్తో అప్‌డేట్-గ్రబ్ కొట్టారు. ఇనిట్‌ఆర్‌డీ (అంటే ఆ ఇమేజే) లేని కొత్త కెర్నల్ మెనూలో మొదటి ఎంట్రీ అయి కూర్చుంది. ఆ సలహాలు రాసేవాళ్లకి ఎవరి సర్వర్ పడిపోయినా పట్టదు!

గ్రబ్ మెనూ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోంచి పాత కెర్నల్‌తో బూట్ చేశాను. అక్కర్లేని ప్యాకేజీలు తీసే ఆప్ట్ ఆటోరిమూవ్ పనిచేయలేదు. ముందు ఆ సగంలో ఆగిన ప్యాకేజీనే పూర్తిచేయబోయి మళ్లీ పడిపోతుంది. అందుకని నడుస్తున్న వెర్షన్ ఏదో యూనేమ్ -ఆర్‌తో చూసుకుని, దాన్ని వదిలేసి, అన్నిటికన్నా పాతదాన్ని డీపీకేజీ --పర్జ్‌తో నేరుగా తీశాను. మీరు ఆపేద్దామంటున్న ఆ హుక్కే దాని ఇమేజ్ చెరిపి చోటు చేసింది. తర్వాత సగంలో ఆగినదాన్ని పూర్తిచేయడానికి డీపీకేజీ --కాన్ఫిగర్ -ఎ కొడితే కొత్త ఇమేజ్ తయారైంది, వెనకే గ్రబ్ కూడా దానంతటదే నడిచింది.

/బూట్‌లో ఫైళ్లు చెరపడానికి ఆర్‌ఎమ్ మాత్రం కొట్టకండి. ఫైలు పోయినా డీపీకేజీ లెక్కలో ప్యాకేజీ ఉన్నట్టే ఉంటుంది. చోటు సమస్య మళ్లీ మళ్లీ వస్తుంటే ఇనిట్రామ్‌ఎఫ్ఎస్ సెట్టింగ్స్‌లో మాడ్యూల్స్‌ను మోస్ట్ (చాలా రకాల హార్డ్‌వేర్ డ్రైవర్లు) నుంచి డెప్‌కి (ఈ మెషీన్‌కి కావలసినవే) మార్చండి, ఇమేజ్ బాగా చిక్కిపోతుంది. కాకపోతే ఆ డిస్కును వేరే హార్డ్‌వేర్‌లో పెడితే బూట్ కాకపోవచ్చు.