గట్టు మీద తుప్పలు తీసేశాక పుచ్చ పిందె నిలవట్లేదు

ప్రశ్న: రెండెకరాల్లో పుచ్చ వేశానండి. పూత విరగబూసింది కానీ పిందె పసుపుపచ్చగా మారి రాలిపోతోంది, నిలిచిన కాయలు కూడా ఒక పక్కే ఊరి వంకరగా వస్తున్నాయి. షాపులో చెప్తే బోరాన్ కొట్టా, తేడా లేదు. పోయిన వేసవిలో జేసీబీ పెట్టి గట్ల మీద తుప్పలన్నీ పీకించేశా, దానికీ దీనికీ ఏమన్నా సంబంధం ఉందా?
– ఒక రైతు, ప్రకాశం జిల్లా

జవాబు: ఉందండి, ఆకు ముడత, తెగులు లాంటివి లేకపోతే నా మొదటి అనుమానం దాని మీదే. పుచ్చలో మగపూలు వేరు, ఆడపూలు వేరు, కింద నూగుతో గోళీ అంత పిందె ఉన్నది ఆడపువ్వు. అది పొద్దున్నే విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటే మళ్లీ తెరుచుకోదు, పుప్పొడేమో జిగటగా ఉండి గాలికి ఎగరదు, ఇక తేనెటీగే మొయ్యాలి. కాయ నిండుగా ఊరాలంటే ఒక్కో పువ్వుకి 500 నుంచి 1000 రేణువులన్నా పడాలి, అంటే ఈగ ఒకసారి వాలి వెళ్తే చాలదు. పుప్పొడి ఒక వైపే పడితే ఆ వైపే గింజ కట్టి ఆ వైపే ఊరుతుంది, మీ వంకర కాయలకి కారణం అదే అయ్యుంటుంది.

ఇప్పుడు గట్టు సంగతి. చిన్న తేనెటీగ రేగు కంపల్లాంటి చోట అరచేతంత పట్టు పెడుతుంది, తుమ్మెద ఎండు కర్ర తొలిచి గూడు కడుతుంది, ఇంకొన్ని పట్టు పెట్టకుండా ఒంటరిగా బతికే తేనెటీగలు గట్టు మట్టిలోనే బొరియ చేసుకుంటాయి, జేసీబీ ఒక్కపూటలో ఈ మూడిళ్లూ తీసేసింది. పైగా మీ పుచ్చ పూత ఉండేది కొన్ని వారాలే కదా, మిగతా ఏడాదంతా వాటికి తిండి తంగేడు, కానుగ, రేగు పూలే. చిన్న ఈగలు ఎక్కువ దూరం ఎగరలేవు, గూడు చేను పక్కనే ఉండాలి.

కోస్టారికాలో ఒక కాఫీ తోటలో 2000–2003 మధ్య చూస్తే అడవికి కిలోమీటరు లోపున్న మొక్కలకి, అడవిలోని తేనెటీగల వల్ల, దిగుబడి 20 శాతం ఎక్కువొచ్చింది, కాఫీ తనంతట తానే కాయగలిగిన పంటైనా సరే!

ఈ పంట వరకైతే పొద్దున తొమ్మిదిలోపు మగపువ్వు తుంచి ఆడపువ్వు మధ్యలో చుట్టూ మెల్లగా రాయండి, మందు కొట్టాల్సొస్తే పూలు ముడిచాక సాయంత్రమే కొట్టండి. తేనెటీగల పెట్టెలు అద్దెకి తెచ్చుకోవచ్చు, తప్పులేదు, కానీ పూత అవ్వగానే అవి వెళ్లిపోతాయి. వానలు పడగానే గట్టు మీద వావిలి కొమ్మలు గుచ్చండి, బతుకుతాయి, తంగేడు గింజలు చల్లండి, ఎండు దుంగ ఒకటి మూలన వదిలేయండి.

రేపు ఏడింటికి ఒక ఆడపువ్వు దగ్గర పది నిమిషాలు కూర్చుని ఎన్ని ఈగలు వాలాయో లెక్కపెట్టి రాయండి.