68 వేల స్టీరింగ్ ర్యాకా, 7 లక్షల అప్పా?

ప్రశ్న: మేము గుంటూరు కొరిటెపాడులో ఉంటాము. నేను విజయవాడలో లెక్చరర్‌ను, రోజూ కారులోనే వెళ్లి వస్తాను. కారు కొని ఎనిమిదేళ్లయింది, 94 వేల కిలోమీటర్లు తిరిగింది. గతుకుల్లో ముందువైపు కటకటమని శబ్దం వస్తోంది. కొన్నిసార్లు ఉదయం స్టార్ట్ చేయగానే స్టీరింగ్ లైటు వెలిగి, స్టీరింగ్ బరువుగా తిరుగుతోంది. ర్యాక్ మొత్తం మార్చాలని సర్వీస్ సెంటర్‌లో 68 వేలకు ఎస్టిమేట్ ఇచ్చారు. పాత కారుకు అంత ఖర్చు దండగని, 2.4 లక్షలకు ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చి 7 లక్షల లోన్‌తో కొత్తది తీసుకోమని బంధువులు అంటున్నారు. మా దగ్గరున్నది 3 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఒక్కటే. ఏం చేయమంటారు?

జవాబు: మీరు రెండు జబ్బులు చెప్పారు, ఎస్టిమేట్‌లో మాత్రం ఒకటే మందు రాశారు. డబ్బు సంగతి మాట్లాడుకునే ముందు దీన్ని తేల్చుకోవాలి.

మన చిన్న కార్లు చాలావాటిలో ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ మోటారు డ్యాష్‌బోర్డు కింద, స్టీరింగ్ కాలమ్ (స్టీరింగ్ చక్రం నుంచి కిందికి దిగే కడ్డీ) మీద ఉంటుంది. కింద చక్రాలను తిప్పే ర్యాక్ కేవలం ఇనుప పళ్ల యంత్రం. కొన్ని కార్లలో మాత్రమే మోటారు ర్యాక్ మీదే ఉంటుంది, అప్పుడు ధర బాగా పెరుగుతుంది. మీ కారు మొదటి రకమైతే, కటకట శబ్దానికి కాలమ్ మార్చనక్కర్లేదు, లైటు వెలిగినందుకు ర్యాక్ మార్చనక్కర్లేదు. పైగా ఉదయం పూటే లైటు వెలుగుతోందంటే ముందుగా అనుమానించాల్సింది బ్యాటరీని, ఎందుకంటే స్టార్ట్ చేసే క్షణంలో వోల్టేజీ పడిపోతే ఈ మోటారు సాయం ఆపేసి లైటు వెలిగిస్తుంది. కాబట్టి కారు కంప్యూటర్‌ను స్కాన్ చేయించి, అందులో వచ్చిన లోపం కోడ్ ఏమిటో కాగితం మీద రాసిమ్మని అడగండి, బ్యాటరీని, దాన్ని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ను లోడు పెట్టి పరీక్షించమనండి.

శబ్దం విషయంలో నా అనుభవం చెబుతాను. నాలుగేళ్ల కిందట నా కారుకూ ఒక వర్క్‌షాపులో ర్యాక్ పోయిందన్నారు. మనసొప్పక ఆటోనగర్‌లో మరో మెకానిక్‌కు చూపించాను. ఆయన కారును లిఫ్ట్ ఎక్కించి, ముందు చక్రాన్ని కుడి ఎడమల పట్టుకుని ఊపుతూ నన్ను టై రాడ్ ఎండ్ మీద, అంటే ర్యాక్ కడ్డీని చక్రానికి కలిపే కీలు మీద, వేలు పెట్టమన్నారు. ఊపినప్పుడల్లా ఆ కీలు టక్కుమంటూ వేలికి తగిలింది. ఆ తర్వాత ర్యాక్ చివర నీళ్లు, దుమ్ము చొరబడకుండా ఉండే రబ్బరు తొడుగును, అంటే బూటును, నొక్కి చూపించారు, అది చెక్కుచెదరకుండా ఉంది. రెండు టై రాడ్ ఎండ్లు, ఎలైన్‌మెంట్ కలిపి నాలుగు వేలలోపే అయింది. సస్పెన్షన్‌లోని లింక్ రాడ్డు, లోయర్ ఆర్మ్ బుష్ అరిగినా ఇదే శబ్దం వస్తుంది. అదే బూటు చిరిగి, లోపలికి నీళ్లు చేరి తుప్పు పట్టి ఉంటే మాత్రం ర్యాక్ మార్చాల్సిందే, అందులో బేరం లేదు.

నిజంగా మార్చాల్సి వస్తే మార్చండి. 68 వేలు పెట్టి ఈ కారును ఇంకో నాలుగేళ్లు నడిపితే నెలకు సుమారు 1,400 పడుతుంది. 7 లక్షల లోన్‌కు 9.5 శాతం వడ్డీతో ఐదేళ్లకు నెలకు దాదాపు 14,700 కట్టాలి, మొత్తం మీద వడ్డీయే 1.8 లక్షలు దాటుతుంది. కారు అమ్మకపు ధరతో రిపేరు ఖర్చును పోల్చడం మన ఇళ్లలో అలవాటు, కానీ మీరు కారును అమ్మడం లేదు, నడుపుతున్నారు. కాబట్టి పోల్చాల్సింది నెలసరి ఖర్చులనే. ఇంజను, గేరుబాక్సు కూడా పెద్ద ఖర్చు చూపిస్తుంటే అప్పుడు నా సలహా మారుతుంది.

డబ్బు కోసం డిపాజిట్‌ను విరగ్గొట్టకండి. దాని మీదే బ్యాంకులో లోన్ తీసుకోండి, సాధారణంగా డిపాజిట్ వడ్డీకి ఒకటి, రెండు శాతం ఎక్కువ వేస్తారు. 8 శాతం అనుకుంటే, పది నెలల్లో తీర్చేసరికి మొత్తం వడ్డీ సుమారు 2,500 అవుతుంది. ఇదే మొత్తాన్ని క్రెడిట్ కార్డు మీద బాకీ ఉంచితే, నెలకు 3.5 శాతం చొప్పున మొదటి నెలలోనే 2,380 పోతుంది.

బీమా వస్తుందా అని చాలామంది అడుగుతారు. అరుగుదలకు, యాంత్రిక లోపానికి మామూలు సమగ్ర పాలసీ చెల్లించదు. డివైడర్‌కు గుద్దుకుని ర్యాక్ వంగితే చెల్లిస్తుంది, అయినా ఐదు నుంచి పదేళ్ల లోపు కారుకు లోహపు భాగాల మీద 40 శాతం తరుగుదల తీసేస్తారు, పైగా నో క్లెయిమ్ బోనస్ పోతుంది. ప్రమాదం జరగకుండానే జరిగిందని రాయమని ఎవరైనా సలహా ఇస్తే దయచేసి వినకండి.

ఎస్టిమేట్‌లో జీఎస్టీ ఎంత వేశారో చూడండి, 2025 సెప్టెంబరు 22 నుంచి ఆటో విడిభాగాలన్నిటి మీదా 18 శాతమే. సెకండ్ హ్యాండ్ ర్యాక్ సగం ధరకు దొరకవచ్చు, కానీ స్టీరింగ్ విషయంలో నేను ఒప్పుకోను. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు సింగ్‌నగర్ వైపు ఎన్ని కార్లు మునిగాయో మనం చూశాం, నీళ్లలో నానిన ర్యాక్‌ను తుడిచి పెడితే కంటికి తేడా తెలియదు. కొత్తది వేయించి, వారంటీ రాయించుకుని, ఎలైన్‌మెంట్‌తో పాటు స్టీరింగ్ సెన్సర్ క్యాలిబ్రేషన్ కూడా చేయించండి. ఆ తర్వాత ప్రతి సర్వీసులో బూట్లు చూడమనండి. చిరిగిన బూటును వెంటనే మార్చడం కొన్ని వందలతో అయ్యే పని. కారు ఆగి ఉన్నప్పుడు స్టీరింగ్‌ను బలవంతంగా తిప్పడం, చివరిదాకా తిప్పి అలాగే పట్టుకోవడం మానండి. లోన్ తీరాక నెలకు రెండు వేలు కారు పేరిట రికరింగ్ డిపాజిట్‌లో వేయండి.

మోటారు సాయం ఆగినా స్టీరింగ్ బరువుగానైనా తిరుగుతుంది, కానీ కీలు ఊడితే చక్రం మన మాట వినదు. అందుకే శబ్దం ఎక్కడిదో తేలేదాకా ఆ కారును కాజ టోల్‌గేటు దాటించకండి. ఈ వారం విజయవాడకు బస్సులో వెళ్లి రండి.