పిల్లల ఐస్ హాకీలో ఏ దేశం పద్ధతి మంచిది? పతకాలు చూసి తేల్చవచ్చా?

మీరు అడిగింది ఇది: డల్లాస్ దగ్గర ఉంటున్నారు, తొమ్మిదేళ్ల అబ్బాయి హాకీ ఆడుతున్నాడు. వరల్డ్ జూనియర్స్‌లో, అంటే 20 ఏళ్ల లోపు వాళ్ల ప్రపంచ పోటీలో, 2024, 2025ల్లో కెనడా క్వార్టర్ ఫైనల్ దాటలేదు, ఆ రెండుసార్లూ అమెరికా గెలిచింది. కాబట్టి అమెరికా పద్ధతే మేలనుకోవాలా, ఫిన్లాండ్, స్వీడన్ ఏం చేస్తున్నాయి అని.

ఆ ఫలితాలు చూసి పిల్లల శిక్షణ గురించి ఏమీ తేల్చలేమండీ. ఆ రెండేళ్లూ కెనడాను ఓడించింది చెక్ జట్టు. రెండుసార్లూ ఓడించిన గోల్ ఆట చివరి నిమిషంలోనే పడింది. 2025 ఫైనల్లో అమెరికా ఫిన్లాండ్‌పై 4-3తో, అదీ ఓవర్‌టైంలో బయటపడింది. అదే టోర్నీలో లాత్వియా షూటౌట్‌లో కెనడాను ఓడించింది. లాత్వియా గోలీ (గోల్ కాపలాదారు) ఆ రోజు 55 షాట్లు ఆపాడు. లాత్వియాలో పిల్లల శిక్షణ కెనడా కన్నా గొప్పదని దీనివల్ల ఎవరూ అనరు కదా. పది జట్లు, ఐదేసి జట్ల రెండు గ్రూపులు, ఆ పైన ఒక్క మ్యాచ్‌తో తేలే నాకౌట్లు. ఫైనల్ దాకా వెళ్లిన జట్టు కూడా ఆడేది ఏడు మ్యాచ్‌లే. ఒక గోలీ రెండు రోజులు బాగా ఆడితే పట్టిక మొత్తం మారిపోతుంది. 1977లో మొదలైన ఈ టోర్నీలో 2023 నాటికి కెనడా 20 స్వర్ణాలు గెలిచింది. రెండు చేదు సంవత్సరాలు ఆ చరిత్రను చెరిపేయవు.

జట్లను పోల్చాలంటే ముందు చూడాల్సింది ఎవరు గెలిచారన్నది కాదు, ఎవరు రాలేదన్నది. వరల్డ్ జూనియర్స్ పేరుకు 20 ఏళ్ల లోపు వాళ్లదైనా నిజానికి 19 ఏళ్ల కుర్రాళ్ల టోర్నీ. 18, 19 ఏళ్లకే ఎన్‌హెచ్‌ఎల్‌లో (ఉత్తర అమెరికాలోని అగ్రశ్రేణి వృత్తి లీగు) స్థిరపడ్డవాళ్లను వాళ్ల క్లబ్బులు సాధారణంగా వదలవు. కెనడా కుర్రాళ్లు 2024లో కానర్ బెడార్డ్, 2025లో మాక్లిన్ సెలెబ్రిని వయసు రీత్యా ఆడవచ్చు, కానీ ఆడలేదు. ఇద్దరూ అప్పటికే ఎన్‌హెచ్‌ఎల్‌లో ఉన్నారు. ఈ దెబ్బ ఎక్కువగా తగిలేది కెనడాకే. ఇక రష్యా, బెలారస్‌లను 2022లో అంతర్జాతీయ పోటీల నుంచే తప్పించారు.

18 ఏళ్ల లోపు వాళ్ల ప్రపంచ పోటీ 1999లో మొదలైంది, ఏప్రిల్‌లో జరుగుతుంది. అదే సమయంలో కెనడా జూనియర్ లీగుల్లో ప్లేఆఫ్‌లు నడుస్తుంటాయి. అందుకే కెనడా పంపేది ఎక్కువగా ప్లేఆఫ్‌ల నుంచి అప్పటికే తప్పుకున్న జట్ల కుర్రాళ్లను. అదే వయసువాళ్లకు ఆగస్టులో జరిగే హ్లింకా గ్రెట్జ్‌కీ కప్‌లో సంగతి తలకిందులు. అక్కడికి కెనడా తన మేటి జట్టుతో వస్తుంది, అమెరికా మాత్రం తన జాతీయ శిక్షణ జట్టును పక్కనబెట్టి బయటి కుర్రాళ్లను పంపుతుంది. ఒకే ఏడాది పుట్టిన పిల్లల మీద ఈ రెండు టోర్నీలూ వేర్వేరు తీర్పులిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. 2025లో 18 లోపు వాళ్ల పోటీ మీకు దగ్గర్లోనే, ఫ్రిస్కో, ఆలెన్‌లలోనే జరిగింది. ఫైనల్లో కెనడా స్వీడన్‌ను 7-0తో ఓడించింది. అంతకు నాలుగు నెలల ముందే ఒటావా వరల్డ్ జూనియర్స్‌లో అదే కెనడా క్వార్టర్స్‌లో ఇంటిదారి పట్టింది.

అసలు తేడా ఎక్కడుందంటే, 16 నుంచి 20 ఏళ్ల మధ్య కుర్రాడు ఎవరి చేతిలో ఉంటాడన్న దానిలో ఉంది.

కెనడాలో క్లబ్బుల చేతిలో. ఓహెచ్‌ఎల్, డబ్ల్యూహెచ్‌ఎల్, క్యూఎంజేహెచ్‌ఎల్ అనే మూడు లీగులు కలిసిందే సీహెచ్‌ఎల్. సీజన్‌కు 60 పైచిలుకు మ్యాచ్‌లు, బస్సు ప్రయాణాలు, టికెట్టు కొన్న ప్రేక్షకులు. వృత్తి హాకీ ఎలా ఉంటుందో 16 ఏళ్లకే తెలిసిపోతుంది. లోటేమిటంటే మ్యాచ్‌లు ఎక్కువైన కొద్దీ సాధన తగ్గుతుంది. పైగా జాతీయ జట్టు డిసెంబర్ శిబిరంలో కలిసి నెల తిరక్కుండానే టోర్నీ ముగుస్తుంది. పవర్ ప్లేలో (ప్రత్యర్థి ఆటగాడు శిక్షపడి బయట ఉన్న సమయంలో) ఎవరు ఎక్కడ నిలబడాలో అలవాటయ్యేలోపు నాకౌట్లు వచ్చేస్తాయి.

అమెరికా దీనికి విరుగుడుగా 1996లో మిషిగన్‌లోని ఆన్ ఆర్బర్‌లో జాతీయ జట్టు అభివృద్ధి కార్యక్రమం పెట్టింది. అందరూ ఎన్‌టీడీపీ అంటారు. 2015 నుంచి అది ప్లిమత్‌లో ఉంది. 17 లోపు ఒక జట్టు, 18 లోపు ఒక జట్టు. ఆ కుర్రాళ్లు రెండేళ్లపాటు ఒకే చోట ఉండి, ఒకే బడిలో చదువుతూ, తమకంటే పెద్దవాళ్లయిన యూఎస్‌హెచ్‌ఎల్ (అమెరికా జూనియర్ లీగు) జట్లతోనూ కాలేజీ జట్లతోనూ ఆడతారు. ఓటములు చాలానే ఉంటాయి, అవి లెక్కలోకి తీసుకునే పెట్టారు. 2019 డ్రాఫ్ట్‌లో, అంటే ఎన్‌హెచ్‌ఎల్ క్లబ్బులు కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో, మొదటి రౌండ్‌లోనే ఈ ఒక్క జట్టు నుంచి ఎనిమిది మంది ఎంపికయ్యారు, అందులో మొదటి పేరు జాక్ హ్యూస్. వీళ్లలో చాలామంది తర్వాత వరల్డ్ జూనియర్స్‌లో కలుస్తారు కాబట్టి ఒకరి పాస్ ఎటు వస్తుందో ఇంకొకరికి ముందే తెలుసు. ఈ వయసుకు ఇంతకన్నా మంచి ఏర్పాటు ఎక్కడా లేదని నా గట్టి అభిప్రాయం. కానీ ఇది అందేది ఏడాదికి పాతిక మంది లోపే. మీ ఊరి రింక్‌లో మీ అబ్బాయికి ఏం నేర్పుతున్నారన్నదానికి దీనితో సంబంధం లేదు.

స్వీడన్, ఫిన్లాండ్‌లలో ఊరి క్లబ్బే అన్నీ. ఆరేళ్ల పిల్లల జట్టు నుంచి పెద్దల లీగు జట్టు దాకా ఒకే క్లబ్బు గొడుగు కింద ఉంటాయి. 17 ఏళ్ల కుర్రాడు సత్తా చూపిస్తే మర్నాడే పెద్దల జట్టుతో సాధన చేయగలడు. 2019 వరల్డ్ జూనియర్స్ ఫైనల్లో ఆఖరి నిమిషాల్లో గెలుపు గోల్ కొట్టిన కాపో కాక్కోకి అప్పుడు 17 ఏళ్లే, అప్పటికే ఫిన్లాండ్ పెద్దల లీగులో ఆడుతున్నాడు. స్వీడన్‌లో చదువూ హాకీ కలిపి నడిపే హైస్కూళ్లున్నాయి. 1959 నుంచి జిల్లా జట్ల మధ్య టీవీ-పుక్కెన్ అనే పోటీ ఉంది. దానివల్ల మారుమూల జిల్లాలోని కుర్రాడు కూడా 15 ఏళ్లకల్లా జాతీయ సెలెక్టర్ల కంట్లో పడతాడు.

అమెరికా, కెనడాల్లో నమోదైన ఆటగాళ్లు చెరో ఐదు లక్షలకు పైనే. ఫిన్లాండ్ జనాభాయే దాదాపు 56 లక్షలు. అయినా 2014, 2016, 2019ల్లో, అంటే ఆరేళ్లలో మూడుసార్లు, వరల్డ్ జూనియర్స్ గెలిచింది. మధ్యలో 2017లో కింది స్థాయి పోటీకి దిగిపోకుండా తప్పించుకునే పోరుదాకా వెళ్లింది! చిన్న దేశానికి ఒక ఏడాది పుట్టినవాళ్లలో నలుగురు తక్కువైతే జట్టు కుప్పకూలుతుంది, కెనడాకు ఆ బెడద లేదు. అందుకే ఒక్క ఏడాది కాదు, కనీసం పదేళ్లు కలిపి చూడాలి. దేశాల లోతు తెలియాలంటే డ్రాఫ్ట్ జాబితాలు పతకాలకన్నా నమ్మదగినవి. 2022లో మొదటి రెండు స్థానాలూ స్లొవాకియా కుర్రాళ్లవే, స్లాఫ్‌కోవ్‌స్కీ, నేమెత్స్. జర్మనీ క్లబ్బుల పిల్లల శిక్షణకు నక్షత్రాలిచ్చే పథకం నడుపుతోంది, ఆ దేశం నుంచి డ్రైసైట్ల్, సైడర్, ష్టూట్స్‌లె ముగ్గురూ మొదటి పదిలోపే ఎంపికయ్యారు.

ఇప్పుడు మీకు పనికొచ్చే వయసుకు వద్దాం, 8 నుంచి 14.

పెద్ద రింక్‌లో ఒకేసారి ఆడేది జట్టుకు ఐదుగురు, ఒక గోలీ. గోలీ కాక జట్టులో మొత్తం పదిహేను మంది ఉంటే ఒక్కో పిల్లవాడికి ఆటలో మూడో వంతు సమయమే దొరుకుతుంది. అందులోనూ పక్ (ఆటలో కొట్టే రబ్బరు బిళ్ల) తన స్టిక్ మీద ఉండేది మొత్తం కలిపితే ఒక నిమిషం కూడా ఉండదు. గంటలు ప్రయాణం చేసి, హోటల్లో దిగి, పిల్లవాడికి దక్కేది అది. 2009లో అమెరికా హాకీ సంఘం యూఎస్‌ఏ హాకీ, అమెరికన్ డెవలప్‌మెంట్ మోడల్ అనే శిక్షణ పద్ధతిని తెచ్చింది సరిగ్గా ఈ లెక్క చూసే. 8 ఏళ్ల లోపు వాళ్లకు రింక్‌ను అడ్డంగా మూడు ముక్కలు చేసి చిన్న మైదానాల్లో ఆడించడం, 170 గ్రాముల మామూలు పక్ బదులు 113 గ్రాముల నీలి పక్ వాడటం అందులో భాగమే. బరువైన పక్‌ను లేపలేక చిన్నపిల్లలు ఒళ్లంతా వంచి తోస్తారు, ఆ తోసే అలవాటు తర్వాత షాట్‌లో ఉండిపోతుంది. తేలిక పక్‌తో మణికట్టు పనిచేస్తుంది. కెనడా కూడా తర్వాత చిన్నవాళ్లకు సగం రింక్ ఆట తప్పనిసరి చేసింది. నార్డిక్ దేశాల్లో చిన్న మైదానపు ఆటలు ఎప్పటినుంచో ఉన్నవే, అక్కడ దీనిమీద తల్లిదండ్రులతో పోట్లాడాల్సిన పని పెద్దగా లేదు.

తొమ్మిదేళ్లంటే మీవాడు 10 లోపు వర్గం. పూర్తి రింక్, పూర్తి బరువు పక్ మొదలయ్యేది ఇక్కడే, ఎక్కువ క్లబ్బులు పొరపాటు చేసేదీ ఇక్కడే. పెద్ద మైదానం రాగానే సాధన తగ్గించి మ్యాచ్‌లు పెంచేస్తారు. సాధనలు, మ్యాచ్‌లు మూడుకు ఒకటి చొప్పున ఉండాలి. ఒకటికి ఒకటి ఉంటే ఆ క్లబ్బు మీ డబ్బుతో ప్రయాణాలు చేస్తోందని అర్థం.

ఒకరోజు సాధనకు వెళ్లి గట్టు మీద నిలబడి చూడండి. గంట ఐస్ దొరికితే బాగా నడిపే కోచ్ ముప్పై మందిని ఆరు చోట్లకు విడదీస్తాడు, చోటుకు ఐదుగురు. ఒక్కో చోట ఎనిమిది నిమిషాలు, మారడానికి ఒక నిమిషం. 53 నిమిషాలు అలా పోతే చివరి ఏడు నిమిషాలు చిన్న ఆట. ఒక చోట ఎనిమిది మంది చేరితే వరుస మొదలవుతుంది, వరుసలో నిలబడ్డ పిల్లవాడు ఏమీ నేర్చుకోడు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి మీవాడు పది నిమిషాల్లో ఎంతసేపు కదలకుండా ఉన్నాడో లెక్కపెట్టండి. సగం దాటితే కోచ్‌ను మర్యాదగా అడగవచ్చు. అతని సమాధానంలోనే క్లబ్బు సంగతి తెలిసిపోతుంది.

ఎంపికల్లో ఇంకో మాట. వర్గాలు పుట్టిన సంవత్సరాన్ని బట్టి, జనవరి 1 నుంచి లెక్క. నవంబర్‌లో పుట్టినవాడు జనవరిలో పుట్టినవాడికంటే పది నెలలు చిన్న, తొమ్మిదేళ్ల వయసులో అది చాలా పెద్ద తేడా. పై జట్టుకు ఎంపికైనవాళ్ల పుట్టిన నెలలు చూస్తే మొదటి మూడు నెలలవాళ్లే ఎక్కువ కనిపిస్తారు. మీవాడు ఏడాది చివర్లో పుట్టి ఎంపిక కాకపోతే అది ప్రతిభ మీద తీర్పు అనుకోకండి.

గోలీ పని ఈ వయసులో అందరికీ వంతులవారీగా రావాలి. మంచి గోలీలకు ఫిన్లాండ్ పెట్టింది పేరు, రిన్నె, రాస్క్, సారోస్ అక్కడివాళ్లే. కారణం క్లబ్బుల్లో గోలీలకు విడిగా కోచింగ్ ఉండటం. కెనడా లీగులు 2014 నుంచి 2018 దాకా విదేశీ గోలీలను తీసుకోవడం ఆపేశాయి, సొంత గోలీలకు చోటు దొరుకుతుందని. చోటు దొరికినంత మాత్రాన గోలీ తయారు కాడు, వారానికి ఎన్ని గంటలు గోలీ కోచ్ పక్కన ఉన్నాడన్నదే లెక్క. మీ క్లబ్బులో సాధనంతా గోలీ మీద షాట్లు కొట్టడమే అయితే అది అతనికి శిక్షణ కాదు.

అమ్మాయిల తల్లిదండ్రులకు కూడా ఒక మాట: 18 లోపు మహిళల ప్రపంచ పోటీ 2008లో మొదలైన దగ్గర్నుంచి స్వర్ణాలు అమెరికా, కెనడాల మధ్యే తిరుగుతున్నాయి. 2024లో చెక్ జట్టు సెమీస్‌లో కెనడాను ఓడించి రజతం తెచ్చుకోవడం చిన్న విషయం కాదు.

ఇక బాడీ చెకింగ్, అంటే పక్ ఉన్న ప్రత్యర్థిని ఒంటితో ఢీకొట్టడం. ఒకప్పుడు కెనడాలోని అల్బర్టాలో 11, 12 ఏళ్ల పిల్లలకు అనుమతి ఉండేది, క్యూబెక్‌లో లేదు. ఈ రెండు ప్రాంతాలనూ పోల్చి 2010లో వచ్చిన అధ్యయనంలో అనుమతి ఉన్నచోట తలకు దెబ్బలు మూడు రెట్లకు పైగా ఉన్నట్టు తేలింది. 2011లో అమెరికా, 2013లో కెనడా ఆ వయసువాళ్లకు చెకింగ్ ఆపేశాయి. మీవాడికి అది మొదలయ్యేది 14 లోపు వర్గంలో. చాలా క్లబ్బులు అప్పటిదాకా ఆ ఊసే ఎత్తవు, 13వ ఏట ఒక్కసారిగా దించుతాయి. ప్రత్యర్థిని కోణంలో గోడవైపు నడిపించడం, గోడకు అడుగు దూరంలో ఆగకుండా దాన్ని ఆనుకుని ఉండటం, తల ఎత్తి ఆడటం పదో ఏట నుంచే నేర్పాలి. గోడకు రెండు మూడడుగుల దూరంలో వీపు చూపించి నిలబడటమే అన్నిటికన్నా ప్రమాదం, ఎందుకంటే తోపు పడగానే తల ముందుగా వెళ్లి గోడకు కొట్టుకుంటుంది. ఈ సీజన్లో ఇవి నేర్పుతున్నారా అని కోచ్‌ను అడగండి. లేదంటే సాధనలో ఒక చోటును, అదే ఎనిమిది నిమిషాలను, దీనికి కేటాయించమనండి.