పాత జీపుకు డీజిల్ ఇంజిన్ వేయొచ్చా?

ప్రశ్న: 1969లో రిజిస్టర్ అయిన విల్లీస్ మోడల్ పెట్రోల్ జీపు మా నాన్నగారి పేరు మీద ఉంది. చాలా ఏళ్లుగా షెడ్డు దాటలేదు. ఆయన రెండేళ్ల క్రితం పోయారు, వీలునామా రాయలేదు. ఇప్పుడు నేనూ, పదహారేళ్ల మా అబ్బాయీ సెలవు రోజుల్లో దాన్ని విప్పి బాగుచేస్తున్నాం. ఖర్చంతా నాదే. ఇంజిన్ పట్టేసింది, డీజిల్ ఇంజిన్ వేసేద్దామని మెకానిక్ అంటున్నాడు. జీపు రూపు తేలేసరికి విదేశంలో ఉన్న తమ్ముడు తనకూ వాటా ఉందంటున్నాడు. అమ్మ, చెల్లెలు ఏమీ అనడం లేదు. ఆర్‌సీ జిరాక్స్ ఒక్కటే మిగిలింది. 15 ఏళ్లు దాటితే తుక్కు చేయాల్సిందేనని కొందరు భయపెడుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందుగా మెకానిక్‌ను ఆగమనండి. ఈ జీపు భవిష్యత్తు ఇంజిన్ దగ్గరే తేలుతుంది.

మీ జీపుకు చట్టంలో రెండు దారులున్నాయి. ఒకటి వింటేజ్ రిజిస్ట్రేషన్. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2021లో దీన్ని చేర్చారు. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, సొంతానికి వాడుకునే టూవీలర్లు, ఫోర్‌వీలర్లు దీని కిందికి వస్తాయి. అయితే ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో మార్పులు చేసి ఉండకూడదు. డీజిల్ ఇంజిన్ ఎక్కిన రోజున ఈ తలుపు మూసుకుపోతుంది. అదే ఇంజిన్‌ను రీబోర్ చేయించి (అరిగిన సిలిండర్ల లోపలి గోడలను చెక్కి నునుపు చేయించి), పిస్టన్లు, రింగులు, బేరింగులు మార్చుకుంటే అది మరమ్మతే తప్ప మార్పు కాదని నా అభిప్రాయం. విడిభాగాల బిల్లులు, పని జరుగుతున్నప్పటి ఫొటోలు దాచండి. తనిఖీలో అవే మాట్లాడతాయి.

వింటేజ్ దారిలో పాత నంబరే ఉంచుకోవచ్చు. అంతకుముందు ఎక్కడా రిజిస్టర్ కాని బండ్లకైతే ‘వీఏ’ సిరీస్ నంబరు ఇస్తారు. రిజిస్ట్రేషన్ 10 ఏళ్లు చెల్లుతుంది. ఇందులో ఒక మెలిక ఉంది, చాలామంది ఇది చదవకుండానే దరఖాస్తు పెడతారు: వింటేజ్ బండిని రోజువారీ పనులకు తిప్పకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, మరమ్మతు, ఇంధనం నింపుకోవడం వంటి వాటికే రోడ్డెక్కాలి. రోజూ మార్కెట్‌కు వెళ్లిరావాలనుకుంటే ఇది మీకు పనికిరాదు.

రెండో దారి మామూలు రిజిస్ట్రేషన్‌ను పునరుద్ధరించుకోవడం. 15 ఏళ్లు దాటిన ప్రతి బండినీ తుక్కు చేయాలన్న నియమం దేశమంతటా లేదు. ఆ టెన్షన్ వదిలేయండి. దిల్లీ పరిసరాల సంగతి వేరు. మిగతా చోట్ల సొంత వాహనం తనిఖీలో నెగ్గితే రిజిస్ట్రేషన్‌ను అయిదేసి ఏళ్లు పొడిగిస్తారు. పన్ను బకాయిలుంటే ముందు అవి కట్టాలి.

ఈ దారిలో ఇంజిన్ మార్పు పూర్తిగా అసాధ్యం కాదు గానీ, నేను ప్రోత్సహించను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్టీఏ అధికారి అనుమతి తీసుకోవాలి, మార్చిన 14 రోజుల్లోగా ఆర్‌సీలో నమోదు చేయించాలి. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. చట్టం ఒప్పుకోని మార్పు చేస్తే 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకూ రూ.5,000 జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ ఉంటాయి. ఆ శిక్ష పడేది యజమానికి, మెకానిక్‌కు కాదు.

ఇక వాటా సంగతి. మీది హిందూ కుటుంబమని అనుకుని చెబుతున్నాను. వీలునామా లేదు కాబట్టి అమ్మ, మీరు, తమ్ముడు, చెల్లెలు నలుగురికీ సమాన హక్కుంది. మీ తమ్ముడు అన్నది తప్పేమీ కాదు. చేతులకు గ్రీజు అంటినంత మాత్రాన మీ వాటా పెరగదు. ఖర్చులో తమ వంతు ఇమ్మని మిగతావాళ్లను అడగడానికి బిల్లులు పనికొస్తాయి, అంతే. కోర్టు దాకా వెళ్లేంత విషయం కాదిది. ముగ్గురి దగ్గరా నిరభ్యంతర అఫిడవిట్లు తీసుకోండి. తమ్ముడు అక్కడి భారత రాయబార కార్యాలయంలోనో, కాన్సులేట్‌లోనో సంతకం చేసి ధ్రువీకరించి పంపొచ్చు. తమ్ముడికి డబ్బు ఇవ్వడానికి ఒప్పుకుంటే ఆ మొత్తాన్ని కాగితం మీద పెట్టండి. బండి చరాస్తి కాబట్టి ఈ ఒప్పందానికి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లాల్సిన పని లేదు. ఇకపై పెట్టే ప్రతి రూపాయీ ఈ సంతకాలు అయ్యాకే పెట్టండి.

ఆ అఫిడవిట్లు, మరణ ధ్రువపత్రం జతచేసి ఫారం 31తో బదిలీకి దరఖాస్తు చేయాలి. యజమాని పోయిన మూడు నెలల్లో చేయాల్సిన పని ఇది. గడువు దాటినా హక్కు పోదు, ఆలస్యానికి అదనపు రుసుము పడుతుంది. ఆర్‌సీ పోయినట్టు పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, ఫారం 26తో డూప్లికేట్ కోరండి. 1969 నాటి వివరాలు ఇంకా కంప్యూటర్‌లోకి ఎక్కి ఉండకపోవచ్చు. కౌంటర్లో ‘రికార్డు లేదు’ అన్న నోటిమాటతో వెనక్కి రావద్దు. పాత రిజిస్టరు నకలు కావాలని సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి.

అన్నట్టు, తుప్పు గీకేటప్పుడు ఛాసిస్ నంబరు ఉన్న చోట గ్రైండర్ పెట్టకండి. దాని ఫొటో, పెన్సిల్ ప్రింట్ (నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసే అచ్చు) ఇప్పుడే తీసుకోండి. చెరిగిన నంబరుతో తనిఖీకి వెళితే అది దొంగబండి కాదని నిరూపించుకోవడానికే మీ సమయమంతా పోతుంది.

కాగితాలు పూర్తయ్యేదాకా ‘ఒక్క ట్రయల్’ అని కూడా రోడ్డెక్కించవద్దు. తనిఖీకి టోయింగ్ బండి మీద తీసుకెళ్లండి. థర్డ్ పార్టీ బీమా లేకుండా నడిపితే మొదటిసారి రూ.2,000 జరిమానా గానీ, మూడు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ అన్నది చిన్న భాగం. ఎవరికైనా దెబ్బ తగిలితే పరిహారమంతా మీ జేబులోంచే పోతుంది.

మీ అబ్బాయి స్పానర్ పట్టొచ్చు. రోడ్డు మీద స్టీరింగ్ మాత్రం 18 నిండి, లైసెన్స్ వచ్చాకే. మైనర్ నడిపి దొరికితే 199ఏ సెక్షన్ కింద మీకు మూడేళ్ల వరకు జైలు, రూ.25,000 జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది, వాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు.